టేపులోంచి కంప్యూటరులోకి
(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కరువు భత్యం బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పారు. నాకు అప్పగించిన విషయం వాటంత గంభీరమైనది కాదు. ఇంట్లో మూలపడి ఉన్న వీడియో క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించడం ఎలాగో చెప్పమన్నారు. కిందటి వేసవిలో కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చినప్పుడు నా బల్ల మీది తీగల గందరగోళం చూసి, "ఎక్స్ఛేంజి మళ్ళీ తెరిచారా?" అని అడిగారు. ఆ పాపానికి ఈ ప్రసంగం.

నేను కంప్యూటరు చదువుకున్నవాడిని కాను. 1969లో టెలిఫోన్ శాఖలో చేరాను. 2004 జనవరిలో రిటైరయ్యాను. ఆ ముప్పై అయిదేళ్ళలో ఎక్కువ భాగం లోపాలు వెతకడంతోనే గడిచింది. 198కి ఫిర్యాదు వచ్చేది. లైను చచ్చిపోయిందంటే ముందు లోపం ఎక్స్ఛేంజిలో ఉందా, బయట కేబులులో ఉందా, చందాదారుడి ఇంట్లో ఉన్న ఇన్‌స్ట్రుమెంటులో ఉందా తేల్చుకునేవాళ్ళం. ఎం.డి.ఎఫ్. దగ్గర లైను విడదీసి, ఇటు ఒకసారి, అటు ఒకసారి పరీక్ష చేసేవాళ్ళం. అది తేలకుండా గొయ్యి తవ్వించిన జూనియరుకి నేను మెమో కూడా ఇచ్చాను. అలాంటివాడిని, నా సొంత ఇంట్లో సరిగ్గా అదే తప్పు చేశాను. లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా మూడు నెలలు అన్నీ తవ్వాను.

సంగతి మొదటినుంచి చెబుతాను.

2002లో మా పెద్దవాడు చికాగో నుంచి సెలవుకి వస్తూ ఒక చిన్న వీడియో కెమెరా తెచ్చాడు. మినీ డీవీ అనే చిన్న క్యాసెట్ల మీద తీసే రకం. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద క్యాసెట్టు, గంట పడుతుంది. 1995 నుంచి ఈ పద్ధతి ఉంది. టేపు మీద బొమ్మ అంకెల రూపంలో, అంటే డిజిటల్‌గా నమోదవుతుంది. రిటైరైన కొత్తల్లో నాకు వేరే వ్యాపకం లేక కనబడినదల్లా తీశాను. మొత్తం పదకొండు క్యాసెట్లయ్యాయి. అందులో ఒకటి 2004 మే నెలది. మా అమ్మాయికి అప్పుడే పెళ్ళయి అమెరికా వెళ్ళబోతోంది. వెళ్ళేముందు వాళ్ళమ్మ దగ్గర ఆవకాయ కలపడం నేర్చుకుంటానంది. పెరట్లో కత్తిపీట, ముక్కలు, గుండిగ, జాడీ పెట్టుకుని మా ఆవిడ చెబుతూ ఉంటే అమ్మాయి కలిపింది. నేను తీశాను. నలభై నిమిషాలు.

2020లో మా ఆవిడ వెళ్ళిపోయింది. ఫోటోలు ఆల్బముల నిండా ఉన్నాయి. మాట మాత్రం ఎక్కడా లేదు. ఆ రోజుల్లో మనం ఫోనులో మాటలు దాచుకునేవాళ్ళం కాదు కదా. మా అమ్మాయి ఒక రోజు ఫోను చేసి, "నాన్నగారూ, ఆ ఆవకాయ క్యాసెట్టు ఉందా?" అని అడిగింది. బీరువా పైన చెప్పుల పెట్టెలో పదకొండూ ఉన్నాయి. నేను చాలా ధీమాగా వారంలో పంపిస్తానన్నాను. పంపడానికి పదినెలలు పట్టింది.

మొదట ఊళ్ళో ఒక దుకాణానికి తీసుకువెళ్ళాను. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. ఆవకాయ క్యాసెట్టు ఎందుకో చెయ్యి దాటనివ్వలేదు. వేరే మూడు ఇచ్చాను. పది రోజుల తరువాత డీవీడీలు చేసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి పెడితే బొమ్మలన్నీ ఉన్నాయి గానీ మాటలు తీసేసి సినిమా పాటలు కలిపారు! నా మనవడి బారసాలలో మా అన్నగారు దీవిస్తున్నారు, వెనక ఒక యుగళగీతం. అడిగితే, "అందరూ అలాగే అడుగుతారండీ" అన్నారు. తప్పు వారిది పూర్తిగా అనలేను. పెళ్ళి వీడియోలకి అలా చేయడం వారికి అలవాటు. కానీ మీలో ఎవరైనా బయట ఇస్తే, "ఉన్న శబ్దం ఉన్నట్టే ఉంచాలి, ఏదీ కలపకూడదు, కత్తిరించకూడదు" అని కాగితం మీద రాసి మరీ ఇవ్వండి.

ఆ రోజు నుంచి నేనే చేస్తానని కూర్చున్నాను.

కెమెరా బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అడాప్టరు ఉంది. అది 110 వోల్టులదేమోనని భయపడ్డాను గానీ, దాని అడుగున 100 నుంచి 240 అని రాసి ఉంది. మీరు కూడా ప్లగ్గు పెట్టేముందు ఆ రాత చదవండి. కెమెరాతో వచ్చిన యూఎస్‌బీ తీగ కూడా దొరికింది. దాన్ని లాప్‌టాపుకి తగిలించాను. కెమెరాలోని మెమొరీ కార్డు మీద ఉన్న నాలుగు ఫోటోలు కనిపించాయి. వీడియో జాడ లేదు. వేరే తీగ తెచ్చాను. వేరే లాప్‌టాపు అడిగి తెచ్చాను. అదే నాలుగు ఫోటోలు.

అసలు విషయం ఏమిటంటే, ఈ కాలపు కెమెరాల్లో యూఎస్‌బీ దారి ఫోటోల కోసం. టేపు మీది వీడియో పూర్తి నాణ్యతతో బయటికి రావలసిన దారి వేరు. దాన్ని ఫైర్‌వైర్ అంటారు, 1394 అనే అంకెతో కూడా పిలుస్తారు. కొన్ని కెమెరాల మీద ఐ-లింక్ అని ఉంటుంది, కొన్నిటి మీద డీవీ అని మాత్రమే. చిన్న రబ్బరు మూత కింద నాలుగు పిన్నుల బుల్లి రంధ్రం. నా కెమెరాకి అది ఉందని పద్దెనిమిదేళ్ళు నాకు తెలియదు.

తెలిశాక బజారుకి వెళ్ళాను. ఒక కొస ఫైర్‌వైర్, రెండో కొస యూఎస్‌బీ ఉన్న తీగ ఒకటి చూపించారు. సంతోషంగా కొన్నాను. అది పనిచేయదు. ఎవరికీ పనిచేయదు. రెండు పద్ధతుల భాష వేరు, మధ్యలో దుబాసీ లేకుండా తీగ మెలిపెట్టినంత మాత్రాన మాట అర్థం కాదు. ఆ తీగ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. దాని మీద ఎర్ర సిరాతో "కొనరాదు" అని రాసి పెట్టాను.

కావలసింది ఫైర్‌వైర్ రంధ్రం ఉన్న కంప్యూటరు. ఇప్పటి లాప్‌టాపులకి అది ఉండదు. ఆపిల్ కంపెనీ వారు 2025లో విడుదల చేసిన కొత్త మ్యాక్ సాఫ్ట్‌వేరులో ఆ సదుపాయాన్ని పూర్తిగానే తీసేశారు. అంటే దారి నానాటికీ మూసుకుపోతోంది. పాత డెస్క్‌టాప్ ఉంటే దానిలో పీసీఐ కార్డు ఒకటి దిగేసుకోవచ్చు. మా పక్కింటివారి అటక మీద విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటరు ఒకటి కనిపించింది. పిల్లల స్కూలు పుస్తకాల కింద ఉంది. వారు "తీసుకుపోండి మాస్టారూ, అటక ఖాళీ అవుతుంది" అన్నారు. నేను మాస్టారుని కానని చెప్పి చెప్పి విసిగి ఊరుకున్నాను. కార్డు ఒకటి వెయ్యి రూపాయల లోపు దొరికింది. ఒక జాగ్రత్త మాత్రం మనవి చేస్తాను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ వారు 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆపేశారు. కనుక ఆ కంప్యూటరుకి ఇంటర్నెట్ తగిలించవద్దు. దానితో బ్యాంకు పనులు అసలు వద్దు. టేపులకి మాత్రమే.

ఇంకొక జాగ్రత్త. ఆ తీగని తగిలించేటప్పుడు కెమెరా ఆపి ఉంచండి. కంప్యూటరు వైపు ఆరు పిన్నుల ప్లగ్గులో కరెంటు కూడా వస్తుంది. తిరగేసి బలవంతంగా తోస్తే కెమెరాలో ఆ భాగం కాలిపోతుంది. మన చేతులకి ఇప్పుడు కాస్త వణుకు, కళ్ళకి మసక. టార్చి వేసుకుని చూసి తగిలించండి. అందులో సిగ్గుపడవలసింది లేదు.

ఇక్కడ నేను చేసిన అసలు తప్పు చెప్పాలి. సభలో చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెబితే మీలో ఒకరైనా ఆ తప్పు చేయకుండా ఉంటారని చెబుతున్నాను.

కంప్యూటరు, కార్డు, తీగ అన్నీ కుదిరాయి. ఆవకాయ క్యాసెట్టు పెట్టాను. కెమెరా బుల్లితెర మీద చూస్తూ సగం దాకా వెళ్ళాను. కంప్యూటరు తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. కెమెరాకి మీటకి రెండు స్థానాలుంటాయి. ఒకటి తీయడానికి, ఒకటి తీసినది చూడడానికి. కంప్యూటరు కెమెరాని గుర్తించడం లేదేమోనని ఆ మీటని అటూ ఇటూ తిప్పి చూశాను. తిప్పి, ఏదో బొత్తాం నొక్కాను. అది ఎర్ర బొత్తాం. అప్పుడు మీట తీసే స్థానంలో ఉంది.

నలభై ఒక్క సెకన్లు. ఆ తరువాత బుల్లితెర మీద ఎర్ర చుక్క కనిపించి ఆపాను. ఆ నలభై ఒక్క సెకన్ల మేర పెరడు, గుండిగ, మా ఆవిడ మాట పోయి, వాటి స్థానంలో నా బల్ల, యూఎస్‌బీ తీగ, నా వేళ్ళు, "ఏమిటిది, రావడం లేదు" అన్న నా గొణుగుడు నమోదయ్యాయి. టేపు మీద ఒకసారి కొత్తది రాస్తే పాతది తిరిగి రాదు. ఇది పలక లాంటిది.

ఆ సాయంత్రం నేను భోజనం చేయలేదు. రెండు వారాలు ఆ గది తలుపు తీయలేదు.

ప్రతి మినీ డీవీ క్యాసెట్టుకి వెన్ను వైపు చిన్న మీట ఉంటుంది. ఒక పక్క రెక్ అని, రెండో పక్క సేవ్ అని ఉంటుంది. దాన్ని గోటితో సేవ్ వైపు జరిపితే ఎర్ర బొత్తాం ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కాదు. పని అరక్షణంది. వీహెచ్ఎస్ క్యాసెట్టుకైతే వెన్ను మీద చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, దాన్ని విరిచేస్తే చాలు. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే, కాళ్ళు కడుక్కునేముందు ఈ పని చేయండి. కంప్యూటరు సంగతి తరువాత.

రెండు వారాల తరువాత తలుపు తీసినప్పుడు, మా పాత శాఖ పద్ధతి గుర్తుకు తెచ్చుకున్నాను. కాగితం మీద గీత గీశాను: టేపు, కెమెరా తల, కెమెరా రంధ్రం, తీగ, కార్డు, సాఫ్ట్‌వేరు, డిస్కు. ఎం.డి.ఎఫ్. దగ్గర లైను విడదీసినట్టు మధ్యలో విడదీయాలి. కెమెరా బుల్లితెర మీద బొమ్మ, శబ్దం బాగున్నాయా? బాగుంటే టేపు, తల రెండూ మంచివే, ఇక వాటి జోలికి పోవద్దు. లోపం తీగ అవతల ఉంది. బుల్లితెర మీదే బాగాలేదా? అయితే కంప్యూటరుని తిట్టి ప్రయోజనం లేదు. ఈ ఒక్క పరీక్ష ముందు చేసి ఉంటే నాకు ఆ మూడు నెలలూ, ఆ నలభై ఒక్క సెకన్లూ మిగిలేవి.

నాకు లోపం తీగ అవతలే ఉంది. కార్డుని స్లాటులో పూర్తిగా దిగేయలేదు, అంతే. తీసి మళ్ళీ నొక్కి స్క్రూ బిగిస్తే, కెమెరా ఆన్ చేయగానే టింగుమని శబ్దం వచ్చి, డిజిటల్ వీడియో పరికరం దొరికిందని తెర మీద వచ్చింది. మా రోజుల్లో చెప్పే "లూజ్ కాంటాక్ట్" అన్న మాట నన్ను చూసి నవ్వింది.

తరువాత వచ్చిన చిక్కు మాత్రం నిజంగా చిత్రమైనది. ఎక్స్‌పీలోనే మూవీ మేకర్ అని ఒకటి ఉంటుంది. దానితో ఎక్కిస్తున్నాను. సరిగ్గా పందొమ్మిది నిమిషాలు దాటాక ఆగిపోయింది. టేపులో లోపమనుకున్నాను. వెనక్కి తిప్పి మళ్ళీ చేశాను. మళ్ళీ అక్కడే. ఇంకొక క్యాసెట్టు పెట్టాను. దానికీ పందొమ్మిదే. కేబులులో లోపం ఎప్పుడూ ఒకే దూరంలో కనబడితే అది ఆ చోటి జాయింటు. కానీ వేరే కేబులులో కూడా అదే దూరంలో కనబడితే? అప్పుడు అనుమానించవలసింది కొలిచే పరికరాన్ని. టేపులు వేరైనా మారనిది డిస్కు.

ఆ డిస్కు ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో ఒక ఫైలు నాలుగు గిగాబైట్లకి మించకూడదు. డీవీ వీడియో సెకనుకి సుమారు 3.6 మెగాబైట్లు, గంటకి 13 గిగాబైట్లు తింటుంది. భాగిస్తే నాలుగు గిగాబైట్లు ఎంతసేపటికి నిండుతాయి? పందొమ్మిది, ఇరవై నిమిషాలు. లెక్క కుదిరిన క్షణాన నాకు సర్వీసులో ప్రమోషను వచ్చినప్పటికన్నా ఎక్కువ సంతోషం కలిగింది. డిస్కుని ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలోకి మారిస్తే గంట క్యాసెట్టు ఒకే ఫైలుగా ఎక్కుతుంది. కన్వర్ట్ అనే ఆజ్ఞ ఒకటి ఉంది, దానితో ఉన్న ఫైళ్ళు పోకుండానే మారుతుంది. అయినా ముఖ్యమైనవి ముందు వేరే చోట దాచుకోండి. కొత్త పెన్‌డ్రైవులకి కూడా ఇదే తంటా. పదహారు, ముప్పైరెండు గిగాబైట్లవి సాధారణంగా ఫ్యాట్ 32లోనే వస్తాయి. పెద్ద ఫైలు దానిలోకి వెళ్ళనంటే పెన్‌డ్రైవు పాడైందని పారేయకండి.

అదే మూవీ మేకరులో ఎక్కించేటప్పుడు నాణ్యత ఎంచుకోమని అడుగుతుంది. అది చూపించేదానికి సరేనంటే బొమ్మని కుదించి దాస్తుంది. "డిజిటల్ డివైస్ ఫార్మాట్, డీవీ–ఏవీఐ" అన్నదాన్ని ఎంచుకోవాలి. అప్పుడు టేపు మీది అంకెలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఎక్కే గంటసేపూ కంప్యూటరుని వేరే పని చేయనివ్వకండి. ఆ సమయంలో అది మరో పనికి మళ్ళితే మధ్యలో బొమ్మలు జారిపోతాయి. గంట క్యాసెట్టుకి గంట పడుతుంది, తొందరపెట్టే మార్గం లేదు. పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చోవడమే. అది శ్రమ అని నేననను.

ఇక టేపు, కెమెరా వైపు లోపాల గురించి. మనది సముద్రపు గాలి ఊరు. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లగా బూజు కనిపించినదాన్ని కెమెరాలో పెట్టవద్దు. బూజు తలకి అంటుకుని మిగతా క్యాసెట్లకి పాకుతుంది. ఏళ్ళ తరబడి కదలని క్యాసెట్టుని ముందు చివరిదాకా ఒకసారి తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు నడపండి. ఏసీ గదిలోంచి కెమెరాని ఒక్కసారి ఉక్కలోకి తెస్తే లోపల చెమ్మ పడుతుంది, కెమెరా నడవనని మొరాయిస్తుంది. గంటో రెండు గంటలో అలా వదిలేయాలి. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతూ, శబ్దం ఎగిరిపోతూ ఉంటే చాలాసార్లు టేపు పోలేదు, తల మురికి పట్టింది. దానికి శుభ్రం చేసే క్యాసెట్టు వేరే దొరుకుతుంది. పది సెకన్లు నడిపి తీసేయాలి. బాగుందని ఇంకా నడిపితే తల అరుగుతుంది. దూదిపుల్ల పెట్టి లోపల తుడవడం మాత్రం వద్దు. నా తొమ్మిదో క్యాసెట్టు ఆరు నెలలు చచ్చిపోయిందనుకున్నాను. పది సెకన్లతో లేచి కూర్చుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన కెమెరాలున్నవారికి ఒక మాట. మన దేశపు టీవీ పద్ధతి పాల్, అక్కడిది ఎన్‌టీఎస్‌సీ. చాలా కెమెరాలు తమ పద్ధతిలో తీసిన టేపునే చదువుతాయి. మధ్యలో నా కెమెరా మీద అనుమానంతో ఒక మిత్రుడి కెమెరా అడిగి తెచ్చాను. అది ఇక్కడ కొన్నది. దానిలో నా క్యాసెట్లు పెడితే పదకొండింటికీ నీలం తెర. అన్నీ చెరిగిపోయాయని నా గుండె ఆగినంత పనయింది. ఏమీ కాలేదు, భాష వేరు, అంతే. ఆ కెమెరాతో ఇక్కడ ట్యూబులైటు కింద తీసిన వాటిలో వెలుగు అదురుతూ ఉంటుంది. అది కూడా టేపు జబ్బు కాదు. అక్కడి కరెంటు సెకనుకి అరవై ఆవృత్తులు, మనది యాభై, ఆ తేడా.

పాత వీహెచ్ఎస్ పెళ్ళి క్యాసెట్ల గురించి చాలామంది అడిగారు. దానికి నడిచే వీసీఆర్ ఒకటి, పసుపు, ఎరుపు, తెలుపు తీగలు, వాటిని యూఎస్‌బీకి మార్చే చిన్న డబ్బా కావాలి. ఇక్కడ యూఎస్‌బీ పనిచేస్తుంది, ఎందుకంటే ఆ డబ్బాలో దుబాసీ ఉన్నాడు. కష్టమల్లా వీసీఆర్ దొరకడమే. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో తయారీ ఆపేసింది. వీసీఆర్లు చేస్తూ చివరిదాకా మిగిలినవారు వారే. పాతవి బాగుచేసి వాడుకోవడమే. ఎనిమిది మిల్లీమీటర్ల క్యాసెట్లున్నవారు డిజిటల్-8 కెమెరా ఎవరి దగ్గరైనా ఉందేమో వాకబు చేయండి. వాటిలో కొన్ని మోడళ్ళు పాత ఎనిమిది మిల్లీమీటర్ల టేపుని చదివి, ఫైర్‌వైర్ మీదుగా నేరుగా పంపిస్తాయి.

ఎక్కించాక దాచుకోవడం. డీవీడీ చేసి అల్మారాలో పెట్టి నిశ్చింతగా ఉండవద్దు, అవి మన వాతావరణంలో పాడైపోతాయి. నేను ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్కులో, ఒకటి హైదరాబాదులో చిన్నవాడి ఇంట్లో, ఒకటి అమ్మాయి దగ్గర ఉంచాను. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ-4గా చిన్న ప్రతి వేరే చేసుకోవచ్చు. కానీ వీడియోగా పంపితే అది ఇంకా కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి. క్యాసెట్లు మాత్రం పారేయలేదు. రేపు నాకన్నా తెలిసినవాడెవడైనా వస్తాడేమో!

మీలో చాలామంది సెల్‌ఫోనులో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నారు. అది చేతనైనవారికి ఇది కష్టం కాదు.

ఆవకాయ క్యాసెట్టు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ కెమెరా టేపు మీద తేదీ, సమయం కూడా దాస్తుంది. నేను కెమెరా గడియారం ఎప్పుడూ మార్చలేదు. అందుకని మా ఆవిడ పొద్దున్న ఎండలో, 2004 మే 8 శనివారం రాత్రి పదిన్నరకి ఆవకాయ కలుపుతున్నట్టు ఉంటుంది. చికాగో లెక్క. మనకి అది 9వ తేదీ ఆదివారం ఉదయం తొమ్మిది గంటలు. మధ్యలో ఆ నలభై ఒక్క సెకన్ల దగ్గర తేదీ ఉండవలసిన చోట గీతలుంటాయి. అప్పటికి గడియారం బ్యాటరీ కూడా చచ్చిపోయింది.

ఆ సెకన్లు ఎక్కడ పడ్డాయంటే, ఆవిడ ముక్కలు ఇన్ని తవ్వలు, కారం ఇంత, ఆవపిండి ఇంత అని చెప్పి, "ఉప్పు మాత్రం జాగ్రత్త, ఎందుకంటే..." అంటుంది. అక్కడ నేను వస్తాను. బల్ల, తీగ, వేళ్ళు, గొణుగుడు. మళ్ళీ ఆవిడ, "...చెయ్యి తడి ఉండకూడదు" అంటూ పప్పునూనె పోస్తుంది.

అమ్మాయి చూసి ఫోను చేసింది. చాలాసేపు ఏడ్చింది. తరువాత, "నాన్నగారూ, ఉప్పు ఎంతో ఎలాగ?" అని అడిగింది. నాకు తెలియదు. యాభై ఏళ్ళు తిన్నాను గానీ ఎప్పుడూ అడగలేదు. మా మరదలికి ఫోను చేశాను. ఆవిడ నవ్వి, "అక్కయ్య కొలిచి పోయగా మీరెప్పుడు చూశారు బావగారూ? మూడో నాడు తిరగకలిపినప్పుడు రుచి చూసి కలిపేది" అంది. అమ్మాయి కిందటేడు అలాగే కలిపింది. కాస్త ఉప్పెక్కువైందట.

క్యాసెట్టు చివర్లో ఆవిడ జాడీకి గుడ్డ కడుతూ కెమెరా వైపు చూసి, "ఏమండీ, ఇంకా తీస్తున్నారా? ఎండలో నించున్నారు, లోపలికి రండి" అంటుంది. దానితో టేపు ఆగిపోతుంది. అమ్మాయి ఆ నలభై ఒక్క సెకన్లు కత్తిరించి అతుకుతానంది. వద్దన్నాను. ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నాను.

ఆ ఎక్స్‌పీ కంప్యూటరు, కెమెరా, తీగ, శుభ్రం చేసే క్యాసెట్టు మన సంఘం గదిలో పెట్టడానికి కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. వచ్చే నెల నుంచి ప్రతి శనివారం పది గంటలకి నేనుంటాను. రోజుకి రెండు క్యాసెట్లకి మించి కావు, కనుక పేర్లు ముందు రాయించుకోండి. పెట్టడానికి మీ సొంత హార్డ్‌డిస్కు తెచ్చుకోండి. బూజు పట్టినవి వేరే సంచిలో తీసుకురండి. వచ్చేటప్పుడు క్యాసెట్టు వెన్ను మీట సేవ్ వైపు ఉందో లేదో చూసుకుని రండి. లేకపోతే నేను తీసుకోను.